పెరటాసి నెలలో నూడుల్స్ హోటలుకి

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా తెనాలిలో ఎవరైనా ముందు అడిగేది దర్శనానికి ఎంతసేపు పట్టిందని, తరవాత అడిగేది లడ్డూ ఏదని. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఈసారి నేను కొండెక్కలేదు. కొండ కింద నాలుగు రోజులు తిరిగి జపాను వాళ్ళ సేమ్యా పులుసు, నేపాలు వాళ్ళ కుడుములు, కొరియా వాళ్ళ ఊరగాయ తిని వచ్చాను. దేవుడి గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తొంగి చూడకుండా వచ్చిందని మా వీధి ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోనివ్వండి. నేను వెళ్ళిన పని వేరు.

మా అమ్మాయి స్వాతి, అల్లుడు మురళి కలిసి నాయుడుపేటలో హైవే పక్కన ‘పెద్ద గిన్నె’ అని ఒక హోటలు పెట్టారు. మురళి అక్కడి ఫ్యాక్టరీ క్యాంటీనులో కొరియా ఇంజనీర్లకు వండుతూ ఆ వంటలు నేర్చుకున్నాడు. మనవాళ్ళ రాగి సంగటి మీద కొరియా ఎర్రకారం కోడి, పులికాట్ రొయ్యలతో థాయి కొబ్బరి పులుసు, ఆవకాయ కలిపిన ఫ్రైడ్ రైసు, ఇవీ వాళ్ళు అమ్మేవి. నెల నెలా జీతం వచ్చే ఉద్యోగం వదిలేసి ఈ గిన్నెలు పట్టుకోవడం మురళి వాళ్ళమ్మకు నచ్చలేదు. ఆవిడ పేరు మునిలక్ష్మి, ఊరు చిత్తూరు పక్కన పల్లె. కొడుకు బుద్ధి మార్చింది కోడలేనని ఆవిడ నమ్మకం. హోటలు తెరిచి ఎనిమిది నెలలైనా ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. పాములూ కప్పలూ వండే చోట నాకేం పని అందట.

అలాంటి మనిషి, పెరటాసి నెల ఆఖరి శనివారం స్వామికి పెట్టే తళిగ ఈసారి హోటల్లోనే వేస్తానని కబురు పంపింది. మురళి బతిమాలగా బతిమాలగా ఒప్పుకుందట. ఆ మాట వినగానే స్వాతి నాకు ఫోన్ చేసింది. “అమ్మా, నువ్వూ రా. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఈ ఒక్కసారి ఆవిడ మా చేతి అన్నం తిని వెళితే చాలు,” అంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో అది నన్ను రమ్మని అడగడం అదే మొదలు. నేను చెప్పే కుట్టుపని తరగతులకు సెలవిచ్చి, మునిలక్ష్మి వదినను వెంటబెట్టుకుని వెళ్ళాలని ముందు తిరుపతి రైలెక్కాను.

తిరుపతి: గుండ్ల మధ్య సేమ్యా

మునిలక్ష్మి వదిన గురువారం పొద్దున బస్టాండులో కలిసింది. నుదుట నామం, చేతిలో పెద్ద గోనెసంచి, సంచిలో కొత్త గిన్నెలు, కొత్త బియ్యం, బెల్లం. హోటలు గిన్నెలు ముట్టదలుచుకోలేదని అర్థమైంది.

మనకు కార్తీకం ఎలాగో వీళ్ళకు పెరటాసి అలాగ. తమిళ పంచాంగంలోని నెల ఇది, వేంకటేశ్వరుడికి ఇష్టమైనది. నెలంతా ముక్క ముట్టరు, శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు. మన కార్తీకంలో ఇంట్లో అత్తగారొక్కరే నిష్ఠగా ఉంటే మిగతావాళ్ళు సందు చూసుకుని బిర్యానీకి పోతారు. ఇక్కడ అలా కాదు, ఊరు ఊరంతా మానేస్తుంది. బస్టాండు ఎదురుగా మేడ మీద ఒక జపాను తరహా హోటలు కనిపిస్తే, దాని బోర్డు మీద కూడా ‘పెరటాసి స్పెషల్, ఉల్లి వెల్లుల్లి లేని రామెన్’ అని తెలుగులోనూ తమిళంలోనూ రాశారు.

నేను ఆగలేకపోయాను. వదినని బలవంతాన మెట్లెక్కించాను. లోపల సగం మంది అప్పుడే కొండ దిగినవాళ్ళు. నున్నటి గుండ్ల మీద చందనం ఆరుతుండగా పుల్లలతో సేమ్యా లాగుతున్నారు. గిన్నె నూట ఎనభై రూపాయలు. పులుసులో మిరియాలూ అల్లమూ పుట్టగొడుగులూ ఉన్నాయి, మీద వేయించిన చెనిక్కాయలు, అంటే మన వేరుశెనగలే, చల్లారు. మిరియాల చారులో సేమ్యా వేసుకున్నట్టుంది. జలుబు చేసినవాడికి అమృతం, చేయనివాడికి ఫరవాలేదు.

పుల్లలు పట్టడం నాకూ వచ్చని చూపించబోయాను. పట్టు తప్పి, సేమ్యా చుట్ట గిన్నెలో దబ్బున పడి, పక్క బల్ల పెద్దాయన తెల్లచొక్కా మీద పులుసు చిందింది. సేలం నుంచి వచ్చాడట. స్వామి ప్రసాదమనుకుంటానని నవ్వి, తన చెంచా నాకిచ్చాడు. వదిన మాత్రం కాఫీ కూడా వద్దంది. సంచిలోంచి తన సీసా తీసి నీళ్ళు తాగింది. నాకు ఒళ్ళు మండింది. నా కూతురి హోటల్లోనూ ఇలాగే కూర్చుంటుంది కాబోలనుకున్నాను. ఆ రాత్రి వదిన వాళ్ళ చుట్టాలింట్లో ఉన్నాం.

రేణిగుంట: క్యాబేజీ కుడుములు

శుక్రవారం పొద్దున నాయుడుపేట బస్సు కోసం రేణిగుంటలో దిగాం. స్టేషను దారిలో నేపాలు నుంచి వచ్చిన ఒక జంట బండి మీద మోమోలు అమ్ముతున్నారు. ఆవిడ తెలుగు వింటే ఇక్కడే పుట్టిందనుకుంటారు. కోడి మోమో లేదా అని అడిగాను.

“పెరటాసి గదక్కా, కోడి యాడ అమ్ముడు పోతాది? క్యాబేజీ ఒగటే ఉండాది,” అంది.

ప్లేటు అరవై రూపాయలు. చట్నీ ఎండుమిర్చి, చెనిక్కాయలతో నూరింది. మన ఉండ్రాళ్ళకు చొక్కా తొడిగినట్టున్నాయి, చట్నీ మాత్రం నోరూరించింది. వదిన ఒక పక్కన నిలబడి, పిండి ఎక్కడిది, నూనె ఎక్కడిది, ఆవిరి గిన్నెలో నిన్న ఏం ఉడికించారు అని ఒక్కొక్కటే అడిగింది. నెల మొదట్లోనే కొత్త గిన్నె కొన్నామని ఆవిడ చెప్పింది. అప్పుడు వదిన ఒకటి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ నా ప్లేటులోనే పెట్టేసింది. నేను నవ్వలేదు. అంత శ్రద్ధగా మొక్కు పట్టే మనిషిని చూసి నవ్వడానికి నోరు రాలేదు.

నాయుడుపేట: రెండు పొయ్యిలు

హోటలు బయట పెద్ద బోర్డు పెట్టారు. ‘పెరటాసి పాటించే వారికి వేరే పొయ్యి, వేరే గిన్నెలు.’ ఇది మా అమ్మాయి ఆలోచనే. నెల మొదలైనప్పటి నుంచి ఆ పొయ్యి దగ్గరికి గుడ్డు కూడా రానివ్వలేదు. చేపల సాసు సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ బోర్డు చూసే చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికి రావడం మొదలుపెట్టారట.

వదిన బోర్డు చదివింది. వంటింట్లోకి వెళ్ళి రెండు పొయ్యిలూ చూసింది, గిన్నెలు తిప్పి అడుగులు చూసింది. వంట చేసే శంకరమ్మ పులికాట్ ఒడ్డు నుంచి వస్తుంది, వంటలో చెయ్యి తిరిగినది, మాట తక్కువ. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. చూడటం అయ్యాక వదిన, “ఆకలేస్తా ఉండాది. రవ్వంత పెరుగన్నం పెట్టు మే,” అంది స్వాతితో.

నా కూతురి మొహం వెలిగిపోయింది. అరిటాకు కడిగి వేసి, పెరుగన్నం పెట్టి, నంజుకోవడానికి పక్కన ఎర్రటి కిమ్చి పెట్టింది. కిమ్చి అంటే కొరియా వాళ్ళ క్యాబేజీ ఊరగాయ. కారం, అల్లం పట్టించి పులియబెడతారు. వదిన కొసరుగా నోట్లో పెట్టుకుంది. ఇంకొంచెం తీసుకుంది. తరవాత ఆకు మీద వేలు చూపించి, “ఇది బాగుండాదే. ఇంగ రవ్వంత ఎయ్,” అంది. మురళి తలుపు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూశాడు. ఎనిమిది నెలలుగా ఆ కుర్రాడు ఎదురుచూస్తున్న మాట అది.

అప్పుడు నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినదాన్ని, ఎండురొయ్యల రుచి కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. స్వాతి కేసి చూశాను. అది నా మొహం చూసి, తనూ ఒక ముక్క రుచి చూసి, వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను.

శంకరమ్మ దాచలేదు. దాచాల్సిన సంగతని ఆవిడకు తెలియనే తెలియదు. “చప్పగా ఉండాదక్కా, గడ్డి నమిలినట్టు. అందుకని రవ్వంత ఎండురొయ్యల పొడి చల్లినా. పొడే గదా, ముక్క లేదు గదా,” అంది. ఆ ఒడ్డు ఊళ్ళల్లో ఆ పొడి ఉప్పు లాంటిది. పప్పులో పడుతుంది, పచ్చడిలో పడుతుంది. ముక్క తినకూడదంటే ముక్కే తినకూడదని అనుకుంది, అంతే.

నేను తలుపు దగ్గరికి వేసి స్వాతికి చెప్పాను, నోరు మూసుకోమని. కడుపులోకి పోయింది, ఆవిడకు తెలియదు, ఇష్టంగా తింటోంది, ఆ పళ్ళెం తీసి దాచెయ్, కథ అయిపోయింది అన్నాను. ఇప్పుడైనా నేను అదే చెబుతాను. నా కూతురు నా మాట వినలేదు.

మూడు బల్లలు

ఆవిడ దగ్గరికే ముందు వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఆ కిమ్చి ఆ పూట మరో మూడు బల్లలకు వెళ్ళింది. ముందు అక్కడికి వెళ్ళింది, ఇంకా తింటున్నవాళ్ళను ఆపాలి కదా. అందరికీ వినబడేటట్టు, ఏం జరిగిందో, ఎందులో ఏం పడిందో చెప్పింది. శంకరమ్మ పేరెత్తలేదు.

మొదటి బల్ల దగ్గర ఫ్యాక్టరీ ఆడపిల్లలు. అందులో ఒకమ్మాయి నోటి దగ్గరి ముద్ద వదిలేసి లేచింది. మా బోర్డు చూసే వచ్చామని, రోజూ వస్తున్నామని, ఇక నీ హోటలు మొహం చూడమని గట్టిగా అరిచి బయటికి నడిచింది. మిగతావాళ్ళూ వెనకే వెళ్ళారు. రెండో బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాం, శ్రీకాళహస్తి నుంచి వస్తున్నారట. తెలియక తింటే దోషం లేదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి తీసెయ్ అన్నాడాయన. మూడో బల్ల దగ్గర లారీ డ్రైవరు. నాకు పెరటాసీ లేదు గిరటాసీ లేదు, ఇంత బాగుండటానికి కారణం అదా అని ఇంకొంచెం వేయించుకున్నాడు. తినేవాళ్ళు ఎన్ని రకాలో ఆ ఒక్క పూటలో చూశాను.

ఇదంతా మునిలక్ష్మి వదిన ఆకు ముందు కూర్చుని వింటూనే ఉంది. స్వాతి వచ్చి ఎదురుగా నిలబడింది.

“అత్తయ్యా, మీరు తిన్నదాంట్లోనూ పడింది. చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే.”

వదిన ఆకు మడవకుండా లేచింది. బయటికి వెళ్ళి నోరు పుక్కిలించింది, ఒకసారి కాదు, చెంబు ఖాళీ అయ్యేదాకా. మురళిని పసుపు గుడ్డ తెమ్మంది. అందులో రూపాయి బిళ్ళ వేసి ముడుపు కట్టి, కళ్ళకద్దుకుని, నడుముకి దోపుకుంది. తరవాత వరండాలో కుర్చీ వేసుకుని, పొద్దు వాలేదాకా లారీలను చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. నా కూతురు వంటింట్లో గిన్నెలు తోముతూ ఏడ్చింది. సాయంత్రం శంకరమ్మ చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయింది. ఫోను ఎత్తలేదు.

శనివారం తళిగ

తళిగ అంటే స్వామికి అన్నం పెట్టడం. పులిహోర, పెరుగన్నం, బెల్లం పొంగలి, వడలు వండి, అరిటాకుల మీద కొండలా పోసి, దీపం వెలిగించి గోవిందా అని కేకలు పెడతారు. ఆ తరవాత ఎదురుపడ్డ ప్రతివాడికీ పెడతారు. మా వైపు సత్యనారాయణ వ్రతానికి పిలిచినవాళ్ళే వస్తారు. ఇక్కడ రోడ్డున పోయేవాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు. వండే మనిషి తలస్నానం చేసి, మడి బట్టతో, ఉపవాసంతో వండాలి. ఆ మనిషి ఎవరన్నదే నాకు భయం. వదిన తనే వండుతుందని, స్వాతిని పొయ్యి దగ్గరికి రానివ్వదని, ఇక ఆ మాట ఊరంతా పాకుతుందని నాకు తెల్లవారేదాకా నిద్ర లేదు.

తెల్లవారింది. వదిన పెరట్లో ఇటుకలు పేర్చి కొత్త పొయ్యి కట్టించింది. కొత్త గిన్నెలు కడిగి బోర్లించింది. తరవాత హోటలు పైన స్వాతి వాళ్ళుండే మేడ కేసి చూసి పిలిచింది.

“స్వాతీ, తలకి పోసుకోని రా. బియ్యం నువ్వే కడగాల.”

నా చెవుల్ని నేనే నమ్మలేదు. స్వాతి తడి జుట్టుతో వచ్చి బియ్యం కడుగుతుంటే, నేను ఉండబట్టలేక వదినని పక్కకు పిలిచి అడిగాను. ఆవిడ కొబ్బరికాయ పీచు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

“ఆ పిల్ల చెప్పకుండా ఉంటే నేను ఇంగో గిన్నె తినుందును వదినా. అంత బాగుండింది. నన్ను ఆపింది ఆ పిల్లే గదా.”

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే నా సలహా సంగతి బయటపడుతుంది.

మధ్యాహ్నానికి ముప్పై ఆకులు లేచాయి. కోపంతో వెళ్ళిపోయిన అమ్మాయి రాలేదు గానీ, ఆ బల్ల దగ్గరి మరో అమ్మాయి వచ్చింది. రోజూ ఎర్రకారం కోడి తినే కొరియా ఇంజనీరు వచ్చి, ఈరోజు కోడి లేదంటే, చెప్పులు విప్పి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులతో నేను కుర్చీలో, ఆయన కింద. పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాడు. గోవిందా అనమంటే అన్నాడు, కొంచెం కొరియా గోవిందా.

పులికాట్ ఒడ్డు

పెరటాసి శనివారంతో అయిపోయింది. ఆదివారం పొద్దున్నే రోడ్డు పొడుగునా కోడి దుకాణాల ముందు తిరునాళ్ళలా జనం. మా హోటలు మాత్రం తెరవలేదు. శంకరమ్మ లేకుండా మురళి ఒక్కడూ నెట్టుకు రాలేడు. వెళ్ళి బతిమాలి తెస్తానని బయల్దేరాడు. నేనూ చెరువు చూడాలనుకున్నాను. వదిన అడగకుండానే కారెక్కి కూర్చుంది.

పులికాట్ చెరువు అంటారు గానీ అవతలి ఒడ్డు కనపడదు. నీళ్ళు మోకాటి లోతు, అందులో కొంగలు, కొంగల మధ్య మనుషులు వల లాగుతున్నారు. రొయ్యలు ఒడ్డు మీదే కొంటే మా తెనాలి ధరలో సగం. శంకరమ్మ ఇంటి ముందు పట్టా పరిచి చిన్న రొయ్యలు ఎండబోసి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది. దండం పెట్టబోయింది.

వదిన ఆ పట్టా పక్కన గొంతుకూర్చుంది. రెండు రొయ్యలు తీసి నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని నమిలింది.

“ఇదేనా నువ్వు సల్లింది?”

అవునన్నట్టు శంకరమ్మ తల ఊపింది.

“నిన్నటితో పెరటాసి అయిపాయ. ఇంగ నువ్వు ఎంత సల్లినా అడిగేవాళ్ళు లేరు. వచ్చే ఏడు పెరటాసికి మాత్రం నేనే వచ్చి ఆ పొయ్యి కాడ కూసుంటా. ఎక్కు బండి.”

శంకరమ్మ చీర మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది. మురళి వలలు చూస్తున్నట్టు అటు తిరిగాడు. వచ్చే ఏడు కూడా వస్తానని వాళ్ళమ్మ అనడం వాడు విన్నాడు. నేనూ విన్నాను.

ఆదివారం మధ్యాహ్నం

సాయంత్రం రైలుకి నేను బయల్దేరాలి. తిరిగొచ్చాక హోటలు తెరిచారు. వదిన పైన ఇంట్లోకి వెళ్ళలేదు. కింద, జనం కూర్చునే బల్ల దగ్గర, లారీ డ్రైవరు కూర్చున్న చోటే కూర్చుంది.

“స్వాతీ, ఆ పొద్దు పెట్టినావే, అదే ఎయ్. పెరుగన్నం గూడా పెట్టు. ఏందని తెలిసి ఒగసారి తినాల గదా.”

స్వాతి పెరుగన్నం, కిమ్చి తెచ్చి పెట్టింది. ఎదురుగా స్వాతి, వంటింటి గుమ్మంలో శంకరమ్మ, కౌంటరు దగ్గర మురళి, పక్క బల్ల దగ్గర నేను, నలుగురం ఆ నోటి కేసే చూస్తున్నాం. వదిన మెల్లగా నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

“ఉప్పు సాల్లేదు,” అంది.

ఇన్ని తిప్పలు పడింది ఈ మాట కోసమా అనుకున్నాను. స్వాతి తల దించుకుంది. మురళి మాత్రం నవ్వు ఆపుకోలేక నా పక్కకు వచ్చి వంగాడు. “అత్తా, బయట యాడ తిన్నా మాయమ్మ బాగుండాదనే అంటాది. ఉప్పు తక్కువైతే ఇంట్లోవాళ్ళకే చెప్తాది,” అన్నాడు.

ఆ మాట స్వాతికీ వినబడింది. లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, వాళ్ళత్త పక్కనే కూర్చుంది.